రెండు కోటల నడుమ

గజపతినగరము విజయనగరమునకును బొబ్బిలికిని నడుమ నున్నది. ఇచ్చట రైలెక్కినవారు ఒకే దినమున ఆ రెండు ఊళ్లను చూచి రావచ్చును.

బొబ్బిలిలో యుద్ధస్మారక స్తంభము కలదు. 1757 జనవరి 24వ తేదీన విజయనగర ప్రభువు విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల అండతో, బొబ్బిలి కోటను ముట్టడించెను. గోడలు కూలెను. లోపలి స్త్రీలు, పిల్లలు సైతము మడిసిరి. కొలది దినములకే తాండ్ర పాపారాయుడు రాత్రివేళ గుడారము జొచ్చి విజయరామరాజును సంహరించెను. గెలిచినవాడు ఆ గెలుపు ననుభవింపలేదు.

విజయనగరమున 1713లో కట్టనారంభించిన కోట నేటికిని నిలిచియున్నది. ఇప్పుడందు విద్యాలయములు నడచుచున్నవి. 1919లో ఆ ఊర వెలసిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. కృష్ణా మండలమునుండి వచ్చిన పేద విద్యార్థి ఘంటసాల వేంకటేశ్వరరావు ఇంటింట మాధుకరమెత్తుచు ఆ కళాశాలలోనే చదివెను. ఆయన జోలెలో అన్నము వేసిన తల్లుల పేర్లు ఏ స్తంభముమీదను లేవు.

చారిత్రక స్థలములకు పోవువారు రాతిపై చెక్కిన పేర్లను చదువవలెను. చెక్కని పేర్లను కూడ తలచుకొనవలెను. ఫిరంగుల మ్రోత ఏనాడో అణగిపోయినది. ఆ తల్లులు పెట్టిన పిడికెడు మెతుకులతో నిలిచిన గొంతు తెలుగునాట ఇప్పటికిని వినబడుచున్నది.