గడప దగ్గర మొదలైన పరిశోధన



మహమ్మారి మీద పరిశోధన అనగానే మనలో చాలామందికి తెల్లకోట్లు, సూక్ష్మదర్శినులు, టీకా సీసాలు గుర్తుకు వస్తాయి. ఆ కృషి గొప్పదే. అయితే కోవిడ్ గురించి ప్రపంచానికి తెలిసివచ్చిన ముఖ్య విషయాలలో కొన్ని మన ఇళ్ళ గడపల దగ్గర బయటపడ్డాయన్న సంగతి మీలో ఎంతమందికి తెలుసు? ఎండలో మాస్కు కట్టుకుని తలుపులు తట్టిన ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ప్రతి ఇంట్లోనూ ఒకే ప్రశ్న అడిగారు: "ఈ మధ్య మీరు ఎవరెవరిని కలిశారు?" ఆ ప్రశ్న గురించి, దానికి నిజమైన జవాబు రావాలంటే ఏమి కావాలన్న దాని గురించి ఈరోజు మీతో ముచ్చటించదలచాను.

2020 సెప్టెంబరు చివర ‘సైన్స్’ పత్రిక ఒక అధ్యయనాన్ని ప్రచురించింది. రమణన్ లక్ష్మీనారాయణ్, ఆయన సహ పరిశోధకులు ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాలలో సేకరించిన సమాచారాన్ని పరిశీలించారు. వ్యాధి నిర్ధారణ అయిన 84,965 మంది, వారిని కలిసిన 5,75,071 మంది వివరాలవి. అప్పటికి ప్రపంచంలో ఇంత విస్తృతంగా కాంటాక్టులను వెతికి, పరీక్షించి చేసిన అధ్యయనాలు అరుదు.

అందులో నన్ను ఆకట్టుకున్న అంశం ఒకటుంది. కాంటాక్టుల పరీక్షా ఫలితాలు లభించిన రోగులలో సుమారు 71 శాతం మంది నుంచి ఒక్క కాంటాక్టుకూ వ్యాధి సోకినట్లు కనబడలేదు. కొద్దిమంది నుంచి మాత్రం అనేకులకు సోకింది. రోగితో రక్షణ లేకుండా సన్నిహితంగా మెలిగినవారిలో దాదాపు 10.7 శాతం మందికి, దూరంగా మెలిగినవారిలో 4.7 శాతం మందికి వ్యాధి వచ్చింది. కాంటాక్టులందరూ దొరకరు కాబట్టి ఈ అంకెలను తుది లెక్కలుగా కాక, దారి చూపే గుర్తులుగా చదువుకోవాలి.

ఇక ఆ రోజులను ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. వ్యాధి వచ్చిన ఇంటికి కర్రలు అడ్డుకట్టారు. నర్సులను అద్దె ఇళ్ళు ఖాళీ చేయమన్నారు. కన్నుమూసినవారికి శ్మశానంలో చోటు దొరకని ఊళ్ళున్నాయి. ఆరోగ్య సిబ్బందిపై దాడులను అరికట్టేందుకు 2020 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసివచ్చింది. రోగిని నేరస్థుడిగా చూడటం అన్యాయమని మనకు మనసు చెబుతూనే ఉంది. ఆ చూపుకు ఆధారం కూడా లేదని ఈ అధ్యయనం చదివాక నాకు అనిపించింది. జాగ్రత్త పడవలసింది గాలి ఆడని గదుల దగ్గర, గుంపుల దగ్గర, మాస్కు లేని సన్నిహిత సంభాషణల దగ్గర.

వెలివేతకు మరో దుష్ఫలితం ఉంది. భయపడిన మనిషి నిజం చెప్పడు. 2020 ఆగస్టులో నాకు తెలిసిన ఒక తాపీ మేస్త్రి ఫోన్ చేశాడు. పరీక్షలో పాజిటివ్ వచ్చింది. "డాక్టరు గారూ, మా ముఠాలో ఎనిమిది మందిమి. పేర్లు చెబితే పద్నాలుగు రోజులు ఎనిమిది పొయ్యిలూ ఆరిపోతాయి. చెప్పమంటారా?" అని అడిగాడు. పదవీ విరమణకు ముందు మూడు దశాబ్దాలకు పైగా వైద్యం చేశాను; ఆ ప్రశ్నకు మందుల చీటీ మీద జవాబు దొరకదు. వారి చేత ఇల్లు కట్టించుకుంటున్న యజమానితో మాట్లాడాను. ఆయన కాసేపు తటపటాయించి, చివరకు అందరికీ రెండు వారాల బియ్యం, సగం కూలీ ఇస్తానన్నాడు. ఆ సాయంత్రమే మేస్త్రి ఏడు పేర్లూ చెప్పాడు. పరీక్షిస్తే వారిలో ఇద్దరికి పాజిటివ్. వారిలో ఒకరి ఇంట్లో డెబ్బై ఏళ్ళు దాటిన తల్లి ఉంది. ఆమెను వెంటనే వేరే గదిలో ఉంచగలిగారు.

మహమ్మారి పనిని ఎంతగా దెబ్బతీసిందో అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కగట్టింది. 2020లో ప్రపంచవ్యాప్తంగా పోయిన పనిగంటలు 25.5 కోట్ల పూర్తికాలపు ఉద్యోగాలకు సమానమట. ఆ అంకెను మనం ఆర్థిక శాస్త్రం ఖాతాలో వేసి ఊరుకుంటాం. కాని కూలీ పోతుందని ఒక మనిషి పేరు దాచినప్పుడు అది ఆరోగ్యశాస్త్రపు అంకె కూడా అవుతుంది. ఆరోగ్యం, పని, సమాజం పుస్తకాలలో వేర్వేరు అధ్యాయాలు. మేస్త్రి ఇంట్లో అవి ఒకే పొయ్యి చుట్టూ కూర్చుని ఉంటాయి.

నిజం నమోదు కాకపోతే ఏమవుతుందో క్షయవ్యాధి చూపించింది. మన దేశంలో 2019లో సుమారు 24 లక్షల క్షయ కేసులు నమోదు కాగా, 2020లో అవి దాదాపు 18 లక్షలకు పడిపోయాయి. వ్యాధి తగ్గిందని సంతోషించడానికి లేదు. బస్సులు ఆగాయి, క్షయను గుర్తించే యంత్రాలను, సిబ్బందిని కోవిడ్ పరీక్షలకు మళ్ళించారు, దగ్గితే కరోనా అంటారని జనం దగ్గును దాచుకున్నారు. ఆ ఏడాది ప్రపంచంలో క్షయ మరణాలు దశాబ్దానికి పైగా కాలంలో మొదటిసారి పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపింది. పుస్తకంలోకి ఎక్కని రోగి చికిత్సకూ ఎక్కడు.

మరణాల విషయమూ అంతే. 2020, 2021 సంవత్సరాలలో ప్రపంచమంతటా కోవిడ్ మరణాలుగా నమోదైనవి సుమారు 54 లక్షలు. మహమ్మారి వల్ల ప్రత్యక్షంగానో పరోక్షంగానో అదనంగా సంభవించినవి దాదాపు 1 కోటి 49 లక్షలని అదే సంస్థ 2022లో అంచనా వేసింది. ఈ రెండు అంకెల మధ్యనున్న లక్షలాది మంది ఎవరి పట్టికలోనూ సరిగా చేరలేదు.

అందుచేత మీకు నా విన్నపాలు నాలుగు. ఆశా కార్యకర్త పుస్తకంతో మీ ఇంటికి వస్తే విసుక్కోకుండా కుర్చీ వేసి, ఉన్నదున్నట్లు చెప్పండి. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే దాచకుండా ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష చేయించుకోండి. పరీక్ష, మందులు రెండూ ఉచితమే. ఇంట్లో ఎవరైనా మరణిస్తే మరణాన్ని నమోదు చేయించి, కారణం సరిగా రాయించండి. మీ దగ్గర ఎవరైనా పనిచేస్తుంటే, జ్వరం వచ్చిందని చెప్పినందుకు వారి కూలీ కోయకండి.

మరో మహమ్మారి ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. వచ్చిన నాడు టీకా తయారయ్యేసరికి నెలలు పడుతుంది. ఆ నెలలలో మనల్ని కాపాడేది ఎవరిని కలిశామో భయం లేకుండా చెప్పగలిగే ఇరుగుపొరుగే. అటువంటి ఇరుగుపొరుగును ఈ ఆరోగ్యకాలంలోనే సంపాదించుకుందాం.