మనసు గట్టిదనం మాత్రమేనా?

విశాఖలో మా ఛాతీ వైద్య విభాగానికి అన్నదమ్ములిద్దరు వచ్చారు. దగ్గు అన్నది, తోడు తమ్ముడిది. కాలేజీ రోజుల్లో ఇద్దరూ ఒకే సిగరెట్ పెట్టెతో మొదలుపెట్టారు. తమ్ముడు పెళ్లయ్యాక పెద్దగా బాధపడకుండానే మానేశాడు. అన్నకి మాత్రం నిద్ర లేచిన అయిదు నిమిషాల్లో సిగరెట్ వెలగాలి. "నేను మానలేదాండీ? మా అన్నయ్యకి మనసు గట్టిగా లేదు, అంతే" అన్నాడు తమ్ముడు. అన్న తల వంచుకున్నాడు. ఇంట్లోవాళ్ల నోట ఈ మాట విన్న ప్రతిసారీ నాకు బాధేస్తుంది.

రక్తంలో చేరిన నికోటిన్‌ను ఎక్కువగా విరిచేది కాలేయంలోని సివైపి2ఎ6 అనే ఎంజైమ్. దాని జన్యువు అందరిలో ఒకేలా ఉండదు. ఎంజైమ్ చురుగ్గా ఉన్నవాడికి నికోటిన్ త్వరగా తగ్గిపోయి చెయ్యి మళ్లీ జేబులోకి పోతుంది. మందంగా ఉన్నవాడికి ఒక్క సిగరెట్టే చాలాసేపు సరిపోతుంది, మానడమూ కొంత తేలిక. మెదడులో నికోటిన్‌ను అందుకునే గ్రాహకాల సంగతీ ఇలాంటిదే. 2008లో మూడు పరిశోధక బృందాలు 15వ క్రోమోజోమ్ మీద ఒకే చోటుకి చేరాయి. అక్కడి సిహెచ్ఆర్ఎన్ఎ5 జన్యువులో ఒక్క అక్షరం మారితే, అలా మారిన ఒక్కో ప్రతికీ సగటున రోజుకో సిగరెట్ పెరుగుతుంది. ఆ జన్యువు తీసేసిన ఎలుకలైతే, మామూలు ఎలుకలు వద్దనుకునే మోతాదులో కూడా నికోటిన్ తీసుకుంటూనే ఉన్నాయి. ఇక చాలన్న కబురు వాటి మెదడుకి సరిగా అందలేదు. జన్యువులో అలాంటి మార్పున్న మనిషిని పట్టుకుని మనసు గట్టిది కాదని ఎలా అంటాం?

అన్నకి జన్యుపరీక్ష చేయించలేదు. అలవాటు ఎంత గాఢంగా పట్టిందో లేచాక మొదటి సిగరెట్ ఎంతసేపటికి అన్న ప్రశ్నే చాలావరకు చెప్పేస్తుంది. నికోటిన్‌ను మందంగా కాక మామూలు వేగంతో విరిచేవారికి నికోటిన్ పట్టీ కన్నా వరెనిక్లిన్ మాత్ర మెరుగని 2015లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. ఆయనకి మాత్రే రాశాను. మధ్యలో ఒకసారి జారి మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ వచ్చాడు, ఇప్పుడు మానేశాడు.

అలాగని అంతా జన్యువుల మీదికే తోసేస్తే ఇంకో ప్రమాదం. గణాంకశాస్త్రంలో మహామహుడైన రోనాల్డ్ ఫిషర్ 1958లో, పొగ అలవాటుకీ ఊపిరితిత్తుల కేన్సర్‌కీ జన్యువులే ఉమ్మడి కారణం కావచ్చని వాదించాడు. తర్వాత ఫిన్లాండ్‌లో ఒకరు పొగ తాగి ఒకరు తాగని కవలలను ఏళ్ల తరబడి గమనించారు. ఒకే పిండం నుంచి పుట్టిన ఏకరూప కవలల్లో కూడా ముందు చనిపోయింది ఎక్కువగా పొగ తాగినవారే.

మా తీరంలో, శ్రీకాకుళం వైపు, ఆడవాళ్లు చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. అంగిట్లో తెల్లమచ్చతో ఒకామె వచ్చింది. "మా అమ్మ తాగీది, మా అత్త తాగీది, నానూ తాగుతున్నాను బాబూ" అంది, వంశంలోనే ఉందన్నట్టు. మేనరికం కాకపోతే అత్తది వేరే రక్తం. వాకిట్లో కూర్చుని చూసి నేర్చుకున్న అలవాటది. వెంట వచ్చిన కూతురు ఇంటర్ చదువుతోంది, చుట్ట ఎప్పుడూ ముట్టలేదట. తల్లికి బయాప్సీ రాసి, మానడానికి ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో ఆ అమ్మాయికి కూడా వివరంగా చెప్పాను.