ప్రయాణానికి ఎంత ఊలు?

విహారయాత్రకు బయలుదేరే అల్లిక ప్రియులు బట్టల కన్నా ఊలు విషయంలోనే ఎక్కువ తర్జనభర్జన పడతారు; దారిలో అయిపోతుందేమోనన్న బెంగ వారిచేత అవసరానికి మించిన ఉండలను పెట్టెలో సర్దిస్తుంది. ఇక్కడ చూడవలసింది బరువు కాదు, ఆ ఊలు ఎన్ని గంటల పని ఇస్తుందన్నది: మేజోళ్లకు వాడే సన్నని ఊలు 100 గ్రాములకు సుమారు 400 మీటర్లు వచ్చి, పెద్దవారి జత మేజోళ్లకు సాధారణంగా సరిపోతుంది, అదే బరువున్న లావు ఊలు ఇట్టే అయిపోతుంది.

అల్లిక రచయిత్రి ఎలిజబెత్ జిమ్మర్‌మన్ 1974లో వెలువరించిన, నెలవారీ అల్లికల పుస్తకం ‘నిట్టర్స్ ఆల్మనాక్’లో ప్రయాణాలు సాగే జూలై నెలకు గుండ్రని శాలువాను ఎంచుకోవడం ఎంతో ఆలోచించి చేసిన పని. వృత్తపు వ్యాసార్ధం రెట్టింపైతే చుట్టుకొలతా రెట్టింపవుతుందన్న సూత్రం మీద, నడిమధ్య 9 కుట్లతో మొదలైన ఆ శాలువా 18, 36, 72, 144, 288, 576 కుట్లుగా విస్తరిస్తుంది. రెండు సూది మొనలను సన్నని తీగతో కలిపిన వలయ సూది మీద, ఒక పెంపుకూ మరో పెంపుకూ మధ్య సాదా వరుసలే అల్లుకుంటే నమూనా కాగితం వైపు చూడకుండానే, రైలు కిటికీలోంచి పొలాలను చూస్తూనే, చేతులు పని సాగించగలవు. చివరికి ఒక్కో చుట్టుకే 576 కుట్లు పడతాయి గనుక చిన్న సంచిలోని ఊలే రోజుల తరబడి నిలుస్తుంది. రంగురంగుల నమూనాలకు మాత్రం కాగితం చూస్తూ ఉండాలి కాబట్టి అవి ఇంటి పట్టున చేయదగినవి.

కాబట్టి ఇలాంటి శాలువా ఒకటి, మార్పు కోసం జత మేజోళ్లకు సరిపడా ఊలు పెట్టుకోండి. మూడో అల్లిక పనిని ఇంట్లోనే ఉంచి వెళ్లండి.