లాభం చూపిస్తేనే కుర్చీ ఇస్తారా?

"ఆడవాళ్ళు పై పదవుల్లో ఉన్న కంపెనీలకి లాభాలెక్కువ." సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసేవాళ్ళలో ఈ స్లైడ్ చూడనివాళ్ళు తక్కువే అనుకుంటా. మార్చి 8 వచ్చిందంటే చాలు, గులాబీ పువ్వు, కేకు ముక్కతో పాటు ఇదీ వస్తుంది. చప్పట్లు కొట్టేసి ఎవరి సీట్లకి వాళ్ళం పోతాం. ఇంతకీ అందులో నిజమెంత?

ఈ స్లైడ్లలో తరచుగా కనిపించేవి మెకిన్సీ వారి అంకెలు. ఎగ్జిక్యూటివ్ టీముల్లో ఆడవాళ్ళు బాగా ఉన్న కంపెనీలకి, బాగా తక్కువున్న వాటితో పోలిస్తే, మంచి లాభాలొచ్చే అవకాశం 15% ఎక్కువని 2015లో చెప్పారు. అది 2018లో 21%, 2020లో 25%, 2023లో 39% అయింది. వినడానికి బానే ఉంది.

కానీ మనం ఇంజనీర్లం కదా, లాగ్స్ చూడకుండా నమ్మితే ఎలా? ఆ రిపోర్టుల్లో లాభాలు లెక్కేసింది, టీములో ఎవరెవరున్నారో లెక్కేసిన సంవత్సరానికి ముందు నాలుగైదేళ్ళవి! అంటే ఆడవాళ్ళు ఉండటం వల్ల లాభాలొచ్చాయా, లాభాల్లో ఉన్న కంపెనీలే ఆడవాళ్ళని తీసుకున్నాయా? రెండు గ్రాఫులు కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం అయిపోదు.

నార్వే సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. లిస్టెడ్ కంపెనీల బోర్డుల్లో కనీసం 40% ఆడవాళ్ళుండాలని 2003లో చట్టం చేసి, 2008కల్లా అమలు చేసేశారు. దానివల్ల కంపెనీల విలువ పడిపోయిందని 2012లో ఒక ప్రసిద్ధ పరిశోధన తేల్చింది. అంతగా పడిందేమీ లేదని తర్వాత వేరేవాళ్ళు లెక్క తిరగేశారు. కొంపలు మునగలేదు, కనకవర్షమూ కురవలేదు.

మన దేశంలో 2013 కంపెనీల చట్టం ప్రతి లిస్టెడ్ కంపెనీ బోర్డులోనూ కనీసం ఒక మహిళ ఉండాలంది. 2015లో గడువు దగ్గర పడేసరికి చాలామంది ప్రమోటర్లు ఏం చేశారు? ఇంట్లో ఉన్న భార్యనో, కూతుర్నో కూర్చోబెట్టేశారు. ఊళ్ళో సర్పంచి ఆవిడైతే సంతకాలు ఆయన పెట్టే వ్యవహారం మనకి కొత్తా? అందుకే సెబీ 2019 నుంచి పెద్ద కంపెనీలకి "స్వతంత్ర" మహిళా డైరెక్టర్ ఉండాలని మెలిక పెట్టింది.

సరే, లాభం రుజువు కాలేదు కాబట్టి ఆడవాళ్ళు పైకి రానక్కర్లేదా? ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళుగా బోర్డుల నిండా మగవాళ్ళే ఉన్నారు కదా, వాళ్ళు మగవాళ్ళు కావడం వల్ల లాభాలొచ్చాయా అని ఎవరైనా రిపోర్టు అడిగారా? మునిగిపోయిన కంపెనీల్ని చూసి, "మగవాళ్ళని పెడితే ఇంతే" అని ఎవరైనా అన్నారా?

నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట ఒక సీనియర్ ఇంజనీరు ఉండేది. బిల్లింగ్ మాడ్యూల్‌లో ఏం పగిలినా ఆవిడ దగ్గరికే పరిగెత్తేవాళ్ళం. లీడ్ పోస్టు ఖాళీ అయితే ఆవిడకే వస్తుందనుకున్నాం. రాలేదు. "రాత్రిళ్ళు క్లయింటు కాల్స్ ఉంటాయి, చంటిపిల్ల, ఆవిడకి కష్టం" అని మీటింగులో మేనేజర్లు వాళ్ళలో వాళ్ళే తేల్చేశారు. ఆవిడని మాత్రం ఎవరూ అడగలేదు. మూడు నెలల్లో ఆవిడ వెళ్ళిపోయింది. ఆ మాడ్యూల్ అర్థం చేసుకోవడానికి మాకు ఏడాది పట్టింది. ఈ నష్టం ఏ స్లైడ్లోనూ రాలేదు లెండి.

నా దృష్టిలో అసలు గొడవ బోర్డు రూములో కాదు, అంతకన్నా చాలా కింద, ఆ మొదటి ప్రమోషన్ దగ్గర. అక్కడ జల్లెడ పట్టేసి, ఇరవై ఏళ్ళ తర్వాత "పైకి తీసుకుందామంటే అర్హులైన ఆడవాళ్ళు దొరకట్లేదండీ" అంటే ఎలా దొరుకుతారు? పనికి తగ్గ కుర్చీ ఇవ్వడం న్యాయం. దానికి లాభనష్టాల పట్టీ జత చేయమనడం అన్యాయం. పైగా ప్రమాదం కూడా, రేపు ఇంకో పరిశోధన లాభం లేదంటే ఇచ్చిన కుర్చీ లాగేసుకుంటారు.

ఈసారి మీ ఆఫీసులో ప్రమోషన్ల చర్చలో ఎవరైనా "ఆవిడకి కష్టం" అంటే, "ఆవిడని అడిగారా?" అని ఒక్క ముక్క అడిగి చూడండి. దానికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు.