రెంటచింతల ఎండలో వేడిగాలి

వేసవి వచ్చిందంటే వాతావరణ వార్తల్లో రెంటచింతల పేరు వినని తెలుగువాళ్ళుండరు. ఆ ఊరు ఎక్కడుందో తెలియనివాళ్ళకు కూడా అక్కడి ఎండ సంగతి తెలుసు. నాకు ఊరూ తెలుసు, ఎండా తెలుసు. అయినా మొన్న మే నెలలో, మిట్టమధ్యాహ్నం వేళ, 78 ఏళ్ళ మా అమ్మను కారులో కూర్చోబెట్టుకుని ఆ దారినే బయలుదేరాను. కారులో ఏసీ ఉందిగదా అన్న ధీమా!

మాచర్ల మా అమ్మ పుట్టిల్లు. ఆవిడ తమ్ముడి మనుమరాలి పెళ్ళి. ముహూర్తం రాత్రికి. పొద్దున్నే బయలుదేరుదామని అమ్మ ముందునాడే చెప్పింది. చీరెల ఎంపికలో మా ఆవిడా, చిల్లర పనుల్లో నేనూ చిక్కుకుని, గుంటూరు దాటేసరికి పదకొండయింది.

ఏసీ మీద నా నమ్మకానికి కారణం లేకపోలేదు. నెలరోజుల క్రితం గాలి చల్లగా రావటం లేదని ఒక మెకానిక్కుకు చూపించాను. ఆయన బానెట్ సరిగా ఎత్తకుండానే, “గ్యాసు అయిపోయింది సార్,” అని తేల్చి, నింపి, డబ్బు పుచ్చుకున్నాడు. గ్యాసంటే పెట్రోలు లాంటిదేననీ, వాడుతుంటే అయిపోతుందనీ నేనూ అనుకున్నాను.

సత్తెనపల్లి దాకా ప్రయాణం పెళ్ళివారి ప్రయాణంలాగే సాగింది. అమ్మ తన చిన్నప్పటి మాచర్ల కబుర్లు చెబుతోంది. చంద్రవంక ఒడ్డు, చెన్నకేశవస్వామి గుడి, తిరునాళ్ళు. పిడుగురాళ్ళ వచ్చేసరికి సున్నపుబట్టీల వాసన తగిలింది. ఆ ఊళ్ళో సున్నం తెల్లదనం ఇంటికప్పుల మీదా ఉంటుంది, చెట్ల ఆకుల మీదా ఉంటుంది. లారీల వరసలో ఇరుక్కుని ఇరవై నిమిషాలు కదల్లేదు. అక్కడే గాలి గోరువెచ్చనయింది. ఊరు దాటి వేగం అందుకోగానే మళ్ళీ కాస్త చల్లబడింది. కారు తన జబ్బేమిటో ఆ క్షణానే చెప్పింది. వినే చెవి నాకు లేకపోయింది.

గురజాల దగ్గర నేను చరిత్ర అందుకున్నాను. పన్నెండో శతాబ్దంలో నలగామరాజు ఇక్కడినించి ఏలాడనీ, మలిదేవుడికీ బ్రహ్మనాయుడికీ మాచర్ల నెలవనీ, చివరికి అందరూ కారంపూడి దగ్గర యుద్ధానికి తలపడ్డారనీ చెప్పుకుపోతున్నాను. ఆ పైన రోడ్డు మరమ్మతు. బండి నత్తనడక పట్టింది. ఏసీలోంచి ఇప్పుడు వస్తున్నది గోరువెచ్చని గాలి కాదు, పొయ్యి ముందు కూర్చుంటే ముఖానికి కొట్టే సెగ.

“అద్దాలు దించండి,” అంది మా ఆవిడ.

“ఉన్న కాస్త చల్లదనమూ పోతుంది. ఇప్పుడే సర్దుకుంటుంది చూడు,” అన్నాను. ఒకటి నొక్కాను, ఇంకొకటి తిప్పాను. సర్దుకోలేదు.

మరి కాసేపటికి వెనకసీటులోంచి మా ఆవిడ గొంతు మారింది. “ఏమండీ! అత్తయ్యగారు మాట్లాడటం లేదు.”

అద్దంలో చూశాను. అమ్మ తల వెనక్కి వాల్చేసింది. ముఖం కందిపోయింది. ఒళ్ళంతా చెమట. నా చరిత్ర పాఠం ఆవిడ ఎప్పణ్ణించి వినటం మానేసిందో నాకు తెలియదు.

రెంటచింతల పొలిమేరలో ఒక వేపచెట్టూ, దానికింద తాటాకు పందిరి వేసిన టీకొట్టూ కనబడ్డాయి. కారు ఆపాను. కొట్టు నడిపే ఆమె మమ్మల్ని ఒక్క మాట అడగకుండా నులకమంచం నీడలోకి లాగి, కుండలో నీళ్ళు ముంచి తెచ్చింది. “పడుకోబెట్టండి. మెడమీదా, చంకల్లోనూ తడిగుడ్డ వెయ్యండి. గబగబా తాగించొద్దు, గుక్కగుక్కగా పట్టండి,” అంది. పిలిస్తే అమ్మ పలికింది. తల తిరుగుతోందంది. చెమట పట్టి, మాట తెలుస్తోంది గనుక మేము గట్టెక్కాం. చెమట ఆగి, ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడితే అది వడదెబ్బ. అప్పుడు మజ్జిగ కోసం చూడకుండా ఒంటికి తడిగుడ్డ చుట్టి, 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలసిందే.

అరగంటకు అమ్మ లేచి కూర్చుని, ఉప్పు వేసిన మజ్జిగ తాగి, “అబ్బాయ్, మనం కారంపూడి దాటామా?” అంది. మా దారిలో అసలు కారంపూడి లేదు. ఆ మాట చెప్పలేక తల వంచుకున్నాను.

పక్కనే బండ్ల ఎలక్ట్రికల్ పని చేసే ఒక కుర్రవాడున్నాడు. గ్యాసు నింపమన్నాను.

“నెలకే ఎట్టా అయిపోద్ది సార్? అది ఖర్చయ్యేది కాదు. గొట్టాల్లో అదే గ్యాసు తిరుగుతుంటది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారేచోటు మూయకుండా నింపితే చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే,” అన్నాడు. తరవాత ఒక ప్రశ్న అడిగాడు: “బండి పరిగెత్తేటప్పుడు చల్లగా ఉండి, ఆగితే వేడొస్తోందా?”

పిడుగురాళ్ళ నాకు గుర్తొచ్చింది. అవునన్నాను.

అతను బానెట్ ఎత్తి, ఇంజను నడిపించి, ఏసీ వెయ్యమన్నాడు. కంప్రెసర్ దగ్గర టక్కుమని చప్పుడయింది. అంటే అది పనిచేస్తోంది. కాసేపటికి దానంతటది ఆగిపోయింది. అప్పుడు ఒక బకెట్టు నీళ్ళు తెచ్చి, కారు ముందు జాలీలోంచి మెల్లగా పోశాడు. లోపల కూర్చున్న మా ఆవిడ కేకేసింది: “ఏమండీ, చల్లగాలి వస్తోంది!”

అమ్మ మెడమీద తడిగుడ్డ చేసిన పనే ఆ నీళ్ళూ చేశాయి. ఏసీ చల్లదనాన్ని తయారు చెయ్యదట. లోపలి వేడిని బయటికి తోడి పోస్తుందట, అంతే. డాష్‌బోర్డు వెనక గొట్టాల్లో గ్యాసు ఆవిరవుతూ కారులోని వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి, బాగా వేడెక్కించి, రేడియేటరు ముందున్న కండెన్సరులోకి పంపుతుంది. అక్కడ ఆ వేడి బయటిగాలికి పోవాలి. కారు పరిగెత్తుతుంటే ఎదురుగాలే ఆ పని చేస్తుంది. ఆగితే ఫ్యాను చెయ్యాలి. ఫ్యాను తిరగకపోతే గొట్టాల్లో ఒత్తిడి పెరుగుతుంది. పగిలిపోకుండా ఒక స్విచ్చి కంప్రెసరును ఆపేస్తుంది. ఆ తరవాత లోపలికి వచ్చేది ఉత్త వేడిగాలే.

మా కారుకి ముందు రెండు ఫ్యాన్లు. ఒకటి తిరుగుతోంది, కండెన్సరుది కదలటం లేదు. పైగా కండెన్సరు రేకుల మధ్య సున్నపు దుమ్మూ, దూదీ, పురుగులూ పేరుకుని కంబళి కప్పినట్టుంది. కుర్రవాడు ఫ్యూజు చూశాడు, బాగానే ఉంది. ఆ పెట్టెలోంచే అగ్గిపెట్టెకన్న చిన్నదైన ఒక రిలేను పీకి, హారన్‌కున్న రిలేను దాని స్థానంలో పెట్టాడు. రెండూ ఒకే రకంవి. ఫ్యాను రయ్యిమని తిరిగింది.

“మీ జబ్బు ఇదీ సార్. కొత్తది ఇక్కడ దొరకదు. మాచర్ల దాకా హారన్ లేకుండా పోవాల,” అన్నాడు. కండెన్సరును రేకులు వంగకుండా మెల్లని ధారతో కడిగి, అతను అడిగిన సొమ్ము ఇక్కడ రాస్తే మొదటి మెకానిక్కుకు సిగ్గేస్తుంది.

పల్నాటి రోడ్డుమీద హారన్ లేని ప్రయాణం ఎలాంటిదో అనుభవించినవాడికి తెలుస్తుంది. గేదెల మంద ఎదురైతే ఆగాను. గొర్రెలు అడ్డొస్తే అద్దం దించి బతిమాలాను. ఎదరి ట్రాక్టరువాడికి నా ఉనికి తెలియజెయ్యటానికి మా ఆవిడ గాజులచెయ్యి బయటపెట్టి ఊపింది. వెనకసీటులో అమ్మకు నవ్వాగలేదు. ఆ నవ్వు విన్నాక నా గుండె కుదుటపడింది.

సాయంత్రం నీడలు సాగేవేళకు మాచర్ల చేరాం. పెళ్ళివారింటికంటే ముందు గుడికి పోనివ్వమంది అమ్మ. బ్రహ్మనాయుడి పేరుతో ముడిపడ్డ ఆ చెన్నకేశవాలయంలో రాతిస్తంభానికి వీపు ఆనించి కూర్చుంది. పగలంతా ఎండ కాసినా లోపలి రాయి చల్లగానే ఉంది. “నా పెళ్ళికి ముందునాడు కూడా ఇక్కడే కూర్చున్నానురా,” అంది. పన్నెండేళ్ళ తరవాత వచ్చిన మనిషిని, ఆ నాలుగు గంటల దారిలో నేను ఏ స్థితికి తెచ్చానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మర్నాడు తెల్లవారకముందే తిరుగు ప్రయాణం కట్టాం. గుంటూరులో రిలేలు రెండు కొన్నాను. ఒకటి కారుకి, ఒకటి దాచుకోవటానికి. ఇప్పుడు వేడిగాలి వస్తే ముందు మూడు సంగతులు చూస్తాను. గాలి వేగమే తగ్గితే లోపలి ఫిల్టరులో దుమ్ము. ఆగినప్పుడే వేడొస్తే ఫ్యాను, కండెన్సరు. ఎంత పరిగెత్తినా చల్లబడకపోతే గ్యాసు కారటమో, కంప్రెసరు పట్టకపోవటమో. గ్యాసు నింపుతానన్నవాడిని, కారేచోటు ముందు చూపించమంటాను.

ఇవన్నీ చూసేలోపల అద్దాలు దించుతాను. అమ్మ ఈసారి మాచర్లకు కార్తీకంలో వెళదామంది. పొద్దున్న ఐదింటికి బయలుదేరాలన్నది ఆవిడ షరతు. నేను ఒప్పుకున్నాను.