మోకాలు చూపిన దారి

ఉదయం నాలుగున్నర. గచ్చిబౌలి ఇంకా నిద్రలోనే ఉంది. అద్దాల మేడల్లో రాత్రి షిఫ్టు దీపాలు తప్ప రోడ్డు మీద అలికిడి లేదు. ఒక్కచోట మాత్రం... టప్‌... టప్‌... టప్‌! మధ్యమధ్యలో కోర్టు మీద బూట్లు కీచుమంటున్న చప్పుడు. పుల్లెల గోపీచంద్‌ అకాడమీలో అప్పటికే రోజు మొదలైపోయింది.

అంత పొద్దున్నే నన్ను నిద్రలేపి అక్కడికి లాక్కెళ్లింది మా అక్క కూతురు. పదమూడేళ్లు. నాలుగేళ్లుగా మా పేటలోని ఓ శిక్షణ కేంద్రంలో బ్యాడ్మింటన్‌ ఆడుతోంది. ఈ మధ్యే ఇంట్లో ఓ సంగతి బయటపడింది. మూడు నెలలుగా మోకాలు నొప్పి పెడుతున్నా ఎవరికీ చెప్పలేదు. ‘ఓర్చుకుంటేనే పతకం’ అన్నాడట అక్కడి కోచ్‌. చివరికి ఓరోజు మెట్లు దిగుతూ కూలబడిపోతే అక్క ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఎదిగే వయసు పిల్లలు గెంతులూ పరుగులూ ఎక్కువగా ఉండే ఆటలు ఆడితే తొడ కండరాన్ని కాలి ఎముకకు కట్టి ఉంచే పట్టీ పదే పదే లాగి, మోకాలి చిప్ప కింద ఎముక వాస్తుందట. కంగారు పడక్కర్లేదు, ఆపరేషన్‌ అక్కర్లేదు. రెండు నెలలు గెంతడం మానాలి, ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు చేయాలి. అంతే!

కానీ ఆ ‘అంతే’ దగ్గరే పిల్ల బావురుమంది. ‘పిన్నీ, సింధక్క అయితే ఇలా ఆగేదా?’ అంది.

దానికి సమాధానం వెతుక్కుంటూనే ఇద్దరం గచ్చిబౌలి వచ్చాం.

పుణెలో తెగిన తాడు

ఈ అకాడమీకి పునాది ఎక్కడ పడిందంటే చాలామంది బర్మింగ్‌హామ్‌ అంటారు. 2001లో గోపీచంద్‌ ఆల్‌ ఇంగ్లండ్‌ గెలిచింది అక్కడే. నిజానికి ఆ పునాది అంతకు ఏడేళ్ల ముందే పుణెలో పడింది. 1994 జాతీయ క్రీడల్లో డబుల్స్‌ ఆడుతుండగా అతని మోకాలు దెబ్బతింది. లోపల తొడ ఎముకనూ కాలి ఎముకనూ పట్టి ఉంచే తాడులాంటి లిగమెంట్‌ ఒకటుంటుంది. ఏసీఎల్‌ అంటారు. అది తెగిపోయింది. బ్యాడ్మింటన్‌ ఆటగాడికి అంతకంటే పెద్ద దెబ్బ ఉండదు. స్మాష్‌ కొట్టి ఒంటికాలి మీద దిగాలన్నా, నెట్‌ దగ్గరికి ఒక్క అంగలో వంగాలన్నా, అక్కణ్నుంచి చటుక్కున వెనక్కి తిరగాలన్నా భారం మోసేది మోకాలే మరి.

ఎముక విరిగితే పుత్తూరు కట్టు గుర్తొచ్చే నేల మనది. తెగిన ఏసీఎల్‌ కట్లకూ పట్లకూ అతకదు. మన ఒంట్లోనే మరోచోటి నుంచి పట్టీ తీసి కొత్త లిగమెంట్‌గా అమర్చాలి. అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలవుతుంది. మొదట మోకాలు పూర్తిగా చాపడం. తర్వాత తొడ కండరాన్ని బిగించడం. ఆపైన సైకిలు తొక్కడం, మెట్లెక్కడం, ఒంటికాలి మీద నిలబడటం, నెమ్మదిగా పరుగు... గెంతడం అన్నిటికంటే చివర. ఈ మెట్లన్నీ ఎక్కి మళ్లీ పోటీకి దిగడానికి మామూలుగా తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. తొందరపడితే మళ్లీ మొదటికే!

గోపీచంద్‌కు ఒక్క ఆపరేషన్‌తో సరిపోలేదు. అయినా 1996లో జాతీయ ఛాంపియన్‌ అయ్యాడు. 2000 దాకా వరసగా అయిదేళ్లు ఆ టైటిల్‌ వదల్లేదు. 2001 మార్చిలో ఆల్‌ ఇంగ్లండ్‌ సెమీస్‌లో పీటర్‌ గేడ్‌ను, ఫైనల్లో చైనా ఆటగాడు చెన్‌ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించాడు. ప్రకాశ్‌ పదుకొణె తర్వాత ఆ టైటిల్‌ గెలిచిన రెండో భారతీయుడు. అదీ కోత పడిన మోకాలితో!

2003లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం గచ్చిబౌలిలో అయిదెకరాలిచ్చింది. అకాడమీ కట్టడానికి డబ్బు చాల్లేదు. కుటుంబం ఇల్లు తాకట్టు పెట్టింది. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్‌ అయిదు కోట్ల రూపాయలిచ్చారు. 2008లో ఎనిమిది కోర్టులతో అకాడమీ తలుపులు తెరుచుకున్నాయి. కోర్టులతోపాటు ఈత కొలనూ, కండరాలకు బలం పెంచే జిమ్మూ వచ్చాయి. తెగిన మోకాలితో ఏళ్లు గడిపిన మనిషికి కోర్టు ఒక్కటే చాలదని వేరే చెప్పాలా?

ఆటకు ముందు... ఆట తర్వాత

అనుమతి తీసుకుని ఓ పక్కన కూర్చున్నాం. నేను షటిల్‌ వంక చూస్తున్నా. మా పిల్ల మాత్రం పిల్లల కాళ్ల వంకే చూస్తోంది. ఒకరు నేల మీద కూర్చుని చీలమండకు టేపు చుట్టుకుంటున్నారు. మరొకరు రబ్బరు బ్యాండు మోకాళ్లకు తగిలించుకుని పక్కకి పక్కకి అడుగులేస్తున్నారు. ఆట అయిపోయినవాళ్లు వెంటనే ఇంటికి పరిగెత్తలేదు. తొడలూ పిక్కలూ సాగదీస్తూ కూర్చున్నారు. అడిగితే ఇదీ ప్రాక్టీసే అన్నారు.

ఈ కోర్టుల్లో పెరిగిన పారుపల్లి కశ్యప్‌ పోరు ఊపిరితో. 2004లో ఉబ్బసం ఉందని తేలింది. మందులు వాడుతూ, ఒంటి తీరు తెలుసుకుంటూ ఆడాడు. 2012లో లండన్‌ ఒలింపిక్స్‌లో క్వార్టర్‌ ఫైనల్‌ చేరాడు. పురుషుల సింగిల్స్‌లో అంతదాకా వెళ్లిన తొలి భారతీయుడు అతనే. 2014లో కామన్వెల్త్‌ స్వర్ణమూ గెలిచాడు.

సైనా నెహ్వాల్‌ది మళ్లీ మోకాలి కథే. చిన్నప్పుడు రాజేంద్రనగర్‌ నుంచి ఎల్బీ స్టేడియానికి తెల్లారకుండానే నాన్న స్కూటరు మీద పాతిక కిలోమీటర్లు వచ్చిన పిల్ల. 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చింది. 2016 రియోలో మోకాలి నొప్పితోనే ఆడి గ్రూపు దశలోనే వెనుదిరిగింది. ఆ ఆగస్టులోనే ఆపరేషన్‌. ఆట అయిపోయిందన్నారు చాలామంది. అయిదు నెలలకే, 2017 జనవరిలో మలేసియా మాస్టర్స్‌ గెలిచింది. ఆ ఏడాదే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం, 2018లో కామన్వెల్త్‌ స్వర్ణం!

కథ అక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ కీళ్ల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థికి రక్తనాళాలుండవు. అరిగితే మళ్లీ పూడటం చాలా కష్టం. మోకాలికి ఆర్థరైటిస్‌ వచ్చిందని 2024లో సైనాయే స్వయంగా చెప్పింది. ఎంత మంచి వైద్యమైనా ఆటగాళ్లకు కొన్నేళ్లు కలిపిస్తుందే కానీ కొత్త కాలు ఇవ్వదు. ఆ మాట చెప్పగానే మా పిల్ల తన మోకాలి మీద చెయ్యి వేసుకుంది.

సింధక్క ఆగింది

అకాడమీ నుంచి బయటికొచ్చి స్టేడియం వైపు నడిచాం. 2002 జాతీయ క్రీడలూ, 2003 ఆఫ్రో-ఏషియన్‌ క్రీడలూ జరిగిన ప్రాంగణమది. 2009 ప్రపంచ బ్యాడ్మింటన్‌ ఛాంపియన్‌షిప్‌ ఇక్కడి ఇండోర్‌ స్టేడియంలోనే జరిగింది. టోక్యో ఒలింపిక్స్‌కు ముందు సింధు సాధన చేసిందీ ఇక్కడే. పిల్ల ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఇంతకంటే మంచి చోటేముంది?

2022 ఆగస్టు, బర్మింగ్‌హామ్‌. గోపీచంద్‌ను గెలిపించిన ఊరే. కామన్వెల్త్‌ క్వార్టర్‌ ఫైనల్లోనే సింధు ఎడమ కాలు నొప్పి పెట్టింది. కోచ్‌, ఫిజియో, ట్రైనర్‌ వెన్నంటి ఉండగా పట్టీతో ఆడి ఫైనల్లో కెనడా అమ్మాయి మిషెల్‌ లీని 21-15, 21-13తో ఓడించింది. టీవీలో మనమంతా చూసింది అంతవరకే. హైదరాబాద్‌ వచ్చాక ఎంఆర్‌ఐ తీస్తే ఎముకలో సన్నని చీలిక కనిపించింది. దెబ్బ మీద దెబ్బ పడి వచ్చే చీలిక ఇది. దీనికి మందు విశ్రాంతే.

అదే నెలలో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌. అందులో అప్పటికే అయిదు పతకాలు గెలిచిన అమ్మాయి. 2019లో ఏకంగా స్వర్ణం! ఆశ ఉండదా? ఉంటుంది. అయినా తప్పుకుంది. మళ్లీ కోర్టులో అడుగుపెట్టింది 2023 జనవరిలోనే.

‘అంటే అయిదు నెలలా?’ అంది పిల్ల వేళ్లు లెక్కపెడుతూ.

‘నీకు చెప్పింది రెండే’ అన్నాను.

ఆడుతూ ఉండాలంటే ఎప్పుడు ఆగాలో తెలియాలి. అందుకు ఆటగాళ్ల పక్కన ఫిజియో ఉంటారు. మన పిల్లల పక్కన ఉండేది మనమే. ‘ఇవాళ ఎన్ని పాయింట్లు?’ అని రోజూ అడుగుతాం. ‘ఎక్కడైనా నొప్పిగా ఉందా?’ అని ఎన్నిసార్లు అడిగాం? నొప్పి అంటే ఆటలోంచి తీసేస్తారన్న భయం పిల్లల్లో ఉన్నంతకాలం వాళ్లు దాస్తూనే ఉంటారు. దాచిన ప్రతి రోజూ మోకాలు దానికి వడ్డీ కట్టుకుంటుంది.

ఎనిమిదిన్నరకు ఇంటికి బయల్దేరాం. రోడ్డు నిండా క్యాబులూ బస్సులూ. పొద్దుటి నిశ్శబ్దం ఏమైపోయిందో! మెహదీపట్నం దాకా పిల్ల ఒక్క మాటా మాట్లాడలేదు. బస్సు దిగేటప్పుడు మాత్రం నా భుజం పట్టుకుంది.

‘పిన్నీ, చాలాసేపు నడిచాం కదా. మోకాలు కాస్త నొప్పిగా ఉంది.’

మూడు నెలల్లో తొలిసారి... ఎవరూ అడక్కుండా తనంతట తనే చెప్పింది. ఆటో పిలిచాను.