కొలిమితిత్తి

మా నాయనమ్మకు ఉబ్బసము. శీతకాలపు రాత్రులలో ఆమె పరుండలేక, మంచముపై కూర్చుండి, మోకాళ్లపై చేతులానించి ముందునకు వంగియుండెడిది. ఆమె రొమ్ములోని పిల్లికూతలు పొరుగింటివరకు వినబడెడివి. అప్పటికి నాకు పదియేండ్లు. ఆమెకు గాలి చాలుట లేదని తలంచి, తాటాకు విసనకఱ్ఱతో గట్టిగా విసరెడివాడను. ఒక రాత్రి ఆమె నా చేయి పట్టుకొని, "గాలి లేక కాదురా నాయనా! లోపలికి పోయినది బయటకు రానంటున్నది" అనెను. ఆ మాట నాకర్థము కాలేదు. గాలి తానే ముక్కులో దూరి ఊపిరితిత్తులను బుడగవలె ఉబ్బించునని నా నమ్మకము.

మా వీధి చివర కమ్మరి కొలిమి యుండెడిది. తిత్తి లాగుటకు నేనును అపుడపుడు పోయెడివాడను. ఇంటిలో తెలిసినచో చీవాట్లు తప్పెడివి కావు. ఒకనాడు పరికించి చూచితిని. తిత్తిలోనికి గాలిని ఎవ్వరును నింపుట లేదు. దాని పొట్ట పెద్దదైనపుడు గాలి తనంత తానే వచ్చుచున్నది, నొక్కినపుడు పోవుచున్నది. మన పూర్వులు ఆ అవయవమునకు ఊపిరితిత్తి యని పేరిడుట ఊరక కాదు.

అయితే ఊపిరితిత్తి తనంత తాను విచ్చుకొనలేదు. దానిని విప్పెడి కండరము దానిలో లేదు. రొమ్మునకును కడుపునకును నడుమ గొడుగువలె వంగిన పలుచని కండరమొకటి కలదు. దానిని ఉదరవితానమందురు. అది బిగిసి క్రిందికి దిగును. 12 జతల ప్రక్కటెముకలు పైకి, వెలుపలికి లేచును. రొమ్ములోని చోటు పెరుగగా, దాని నంటియున్న ఊపిరితిత్తులును విచ్చుకొనును. లోని ఒత్తిడి వెలుపలి గాలి ఒత్తిడికంటె రవంత తగ్గును. అంతమాత్రముననే గాలి లోనికి ప్రవహించును. పెద్దవారు విశ్రాంతిగా నున్నపుడు ఒక్కొక్క ఊపిరికి సుమారు అరలీటరు గాలి పీల్తురు. ఇక విడుచుటకు ప్రయాసయే లేదు. కండరములు సడలగనే, సాగదీసి వదలిన రబ్బరువలె ఊపిరితిత్తులు ముడుచుకొనును. 1668లో శ్వాసను గూర్చి గ్రంథము ప్రకటించిన జాన్ మేయో యను ఆంగ్ల వైద్యుడు కూడ తిత్తి పోలికతోనే దీనిని వివరించెనని చదివినపుడు, మా వీధి కొలిమియే నాకు జ్ఞప్తికి వచ్చెను.

ఉబ్బసములో గాలిగొట్టములు వాచి, కఫముతో ఇఱుకగును. ఊపిరి పీల్చునపుడు రొమ్ముతోపాటు అవియును కొంత విచ్చుకొనును. విడుచునపుడు మఱింత ఇఱుకగును. అందుచే పాతగాలి లోననే చిక్కుకొనును. సగము నిండిన కుండలో మరల నీరు పోయవలసిన స్థితి అది. శ్రమలేకుండ జరుగవలసిన పనికి నాయనమ్మ కడుపు కండరములన్నియు బిగించి పోరాడెడిది. మోకాళ్లపై చేతులానించుటయు ఊరక కాదు. చేతులు కదలక నిలిచిన, భుజముల కండరములు ప్రక్కటెముకలను లేపుటకు సాయపడును.

ఇవి నేను కళాశాలలో చదువునాటికి ఆమె లేదు. ఆమె మాటలోని నిజము తెలిసి, నా విసనకఱ్ఱ వృథాయైనదని చాలకాలము చింతించితిని. ముఖమునకు చల్లగాలి తగిలినచో ఆయాసము కొంత తగ్గినట్లు తోచునని పిమ్మట ఒక వైద్యమిత్రుడు చెప్పెను. అపుడు ఆ రాత్రి మిగిలిన భాగము జ్ఞాపకమునకు వచ్చెను. ఆమె నా చేయి పట్టుకొన్నది విసరుట మానుమని కాదు. "మెల్లగా విసరు" అని, నేను క్రింద పెట్టిన విసనకఱ్ఱను మరల నా చేతికే ఇచ్చినది.